సైన్యంలో అధికారి కావాలంటే ముందు జవానుగా పనిచేయాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ ఎన్‌జీ కాలేజీ మైదానంలోనో, మహబూబ్‌నగర్ స్టేడియంలోనో తెల్లవారకముందే పరుగు తీసే పిల్లలూ, వాళ్లను మోటారు సైకిలు మీద తెచ్చి దింపే తండ్రులూ తరచుగా అడిగే ప్రశ్నలివి. నేను జవానుగా చేరి సుబేదారుగా పదవీ విరమణ చేసినవాడిని. జవాబుల్లో మావాళ్ల మీద కాస్త పక్షపాతం కనిపిస్తే సర్దుకుని చదువుకోండి. వయసు, అర్హతల అంకెలు మారుతూ ఉంటాయి కాబట్టి దరఖాస్తు చేసే ముందు ఆ ఏటి నోటిఫికేషన్ చూసుకోవాలి.

అధికారి కావాలంటే ముందు జవానుగా చేయాలన్న నిబంధన మన సైన్యంలో ఉందా?

లేదు. ఎక్కువమంది అధికారులు నేరుగా వస్తారు. ఇంటర్ తర్వాత ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష రాసి పుణె దగ్గరి ఖడక్‌వాస్లాలో మూడేళ్లు, ఆపైన డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీలో (ఐఎంఏ) ఒక ఏడాది శిక్షణ పొందడం ఒక దారి. డిగ్రీ తర్వాత సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్) పరీక్ష రాసి డెహ్రాడూన్‌కో, చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీకో వెళ్లడం రెండో దారి. జవానుగా చేరి, సర్వీసులో ఉంటూనే అధికారి కావడం మూడోది. మన జిల్లాల్లో ఈ మూడోదాని గురించి తెలిసినవాళ్లు చాలా తక్కువ.

అలాంటి నిబంధన పెట్టాలంటారా?

ఏళ్ల తరబడి జవాను సర్వీసును తప్పనిసరి చేయడం వద్దంటాను. ఆరు నెలలు మాత్రం అందరికీ ఉండాలంటాను. అంతకంటే ముఖ్యంగా, జవాను పైకి వెళ్లే దారిని వెడల్పు చేయమంటాను. అధికారిని కిందికి దించి చూపించడం కన్నా కిందివాడిని పైకి రానివ్వడంలోనే సైన్యానికి లాభం ఎక్కువ.

ఇరవై రెండేళ్ల లెఫ్టినెంటు, ఇరవై ఏళ్ల సర్వీసున్న సుబేదారుకు హుకుం ఇవ్వడం న్యాయమేనా?

మైదానంలో నన్ను అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. అడిగేవాళ్లు సాధారణంగా జవాన్ల తండ్రులు.

బయటినుంచి చూస్తే అన్యాయంగానే కనిపిస్తుంది. పల్టన్ (బెటాలియన్) లోపల సంగతి వేరు. పదాతిదళంలో ముప్పై మంది పైచిలుకు ఉండే ప్లాటూన్‌ను నడిపేది చాలాచోట్ల జేసీవోనే (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్), అంటే నాయబ్ సుబేదారో సుబేదారో. వాళ్లలో దాదాపు అందరూ సిపాయిగా మొదలుపెట్టి లాన్స్ నాయక్, నాయక్, హవల్దారు మెట్లన్నీ ఎక్కివచ్చినవాళ్లే. జేసీవోను అధికారులు పేరు పెట్టి పిలవరు, ‘సాబ్’ అంటారు. కొత్త లెఫ్టినెంటు మొదటి ఏడాది బుద్ధి ఉన్నవాడైతే సుబేదారు సాబ్‌ను అడగకుండా పెద్ద నిర్ణయం తీసుకోడు. బుద్ధి లేనివాడైతే రెండో నెలలో నేర్చుకుంటాడు.

అకాడమీలో వాళ్లకు కవాతు నేర్పే ఉస్తాదులు కూడా మావాళ్లే. ఏడాది పొడవునా క్యాడెట్‌ను పరుగెత్తించి, బూటు మెరుపు చాలలేదని మళ్లీ మళ్లీ వెనక్కి పంపిన హవల్దారే కమిషన్ (అధికారి హోదా) వచ్చిన రోజున అతనికి సెల్యూట్ కొడతాడు. అందులో అవమానం ఏమీ ఉండదు. తాను తయారు చేసిన సరుకును తనే అప్పగిస్తున్నాననే తృప్తి ఉంటుంది.

చాలా పల్టన్లలో ఇంకో ఆచారం ఉంది. కొత్తగా వచ్చిన లెఫ్టినెంటును మొదట కొన్ని వారాలు ఆఫీసర్స్ మెస్‌కు రానివ్వరు. జవాన్ల బ్యారక్‌లోనే మంచం, నల్ల ట్రంకు పెట్టె, దోమతెర. తిండి లంగర్‌లో (జవాన్ల వంటశాలలో), పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడి. రాత్రి రెండు నుంచి నాలుగు వరకు సంత్రీ డ్యూటీ వాడికీ పడుతుంది. ఆ వారాల్లో పప్పులో నీళ్లెక్కువైతే ఎవరు గొణుగుతారో, ఫోను పట్టుకుని బయట చీకట్లో తిరిగేవాడికి ఇంట్లో ఏం సమస్యో, హవల్దారు మాటకు ఏ సెక్షన్ గట్టిగా నిలబడుతుందో కళ్లతో చూస్తాడు. నేను ఆరు నెలలు కావాలంటున్నది ఈ వారాలను పొడిగించమనే.

అకాడమీలో క్యాడెట్లు కూడా కష్టాలు పడతారు కదా? జవానుగా చేస్తే అదనంగా తెలిసేదేమిటి?

పడతారు, కాదనను. వాళ్ల రగ్డా (శిక్షగా చేయించే కసరత్తు) చూస్తే మా శిక్షణ సుఖంగా అనిపించిన రోజులున్నాయి. కాకపోతే క్యాడెట్‌కు తన కష్టం ఏ తేదీన ముగుస్తుందో తెలుసు. ఆ రోజు భుజం మీద నక్షత్రాలు పడతాయనీ తెలుసు. జవానుకు ఆ తేదీ లేదు. తన సెలవు, తన పోస్టింగు, తన పిల్లల బడి, అన్నీ వేరే ఎవరో సంతకం పెడితేనే కదులుతాయి.

సెలవు సంగతే తీసుకోండి. అచ్చంపేట దగ్గరి తండా కుర్రవాడు లద్దాఖ్‌లో ఉన్నాడనుకుందాం. తల్లికి బాగాలేదని పది రోజులు సెలవు అడుగుతాడు. పోస్టు నుంచి కింది క్యాంపుకు బండి దొరకాలి. వాతావరణం బాగుంటేనే లేహ్‌లో విమానం లేస్తుంది. ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు రైలులో ఒక రోజు దాటుతుంది. ఎంజీబీఎస్‌లో బస్సు పట్టుకుని అచ్చంపేట, అక్కడినుంచి ఆటోలో తండా. వెళ్లడానికీ రావడానికీ పోయిన రోజులు లెక్కేస్తే తల్లి మంచం పక్కన కూర్చునేది ఎంత? కాగితం మీద పది రోజులు మంజూరు చేసిన అధికారి తాను ఉదారంగా ఇచ్చాననే అనుకుంటాడు. ఆ దారిలో జనరల్ బోగీలో నిలబడి వచ్చిన అనుభవం ఉన్నవాడు అయితే ఇంకో నాలుగు రోజులు కలిపి రాస్తాడు, లేదా సాయంత్రం కాన్వాయ్‌లోనే ఎక్కించి పంపేస్తాడు.

ఆరు నెలల అటాచ్‌మెంట్‌తో ఇదంతా వస్తుందా అంటే సగమే వస్తుంది. ఆ లెఫ్టినెంటుకూ తాను ఎప్పుడు మెస్‌కు వెళ్తాడో తెలుసు మరి. సగమైనా ఏమీ లేకపోవడం కన్నా నయం.

అలాంటప్పుడు మూడు నాలుగేళ్లు జవానుగా చేయించడమే మంచిది కదా?

ఇక్కడే సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబును గుర్తు చేసుకోవాలి. కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, ఎన్‌డీఏ, ఐఎంఏ మీదుగా 2004లో 16 బిహార్ పల్టన్‌లో చేరారు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో వీరమరణం పొందేనాటికి అదే పల్టన్‌కు కమాండింగ్ ఆఫీసరు. వయసు 37. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు.

కార్గిల్ యుద్ధం తర్వాత సైన్యం నేర్చుకున్న పాఠాల్లో ఒకటి, పల్టన్లను నడిపే కర్నళ్లకు వయసు ఎక్కువైందని. అజయ్ విక్రమ్ సింగ్ కమిటీ సిఫార్సులతో పదోన్నతులు త్వరపడ్డాయి. ఇప్పుడు రెండేళ్లకు కెప్టెను, ఆరేళ్లకు మేజరు, పదమూడేళ్లకు లెఫ్టినెంట్ కర్నల్. అందరూ ముందు నాలుగేళ్లు జవానుగా చేయాలంటే ఈ లెక్క మొత్తం వెనక్కి జరుగుతుంది. గల్వాన్ లాంటి పద్నాలుగు వేల అడుగుల చోట రాళ్ల మధ్య ముందు నడవాల్సిన కమాండింగ్ ఆఫీసరుకు నలభై దాటుతాయి. నలభై దాటాక ఆ ఎత్తులో ఊపిరి ఎలా ఆడుతుందో నాకు తెలుసు.

అదే గల్వాన్‌లో అదే పల్టన్‌కు చెందిన నాయబ్ సుబేదార్ నుదురామ్ సోరెన్ కూడా పోరాడి ప్రాణమిచ్చారు. ఆయనకు వీర చక్ర వచ్చింది. ఒకరు నేరుగా వచ్చిన అధికారి, ఇంకొకరు సిపాయి నుంచి ఎదిగిన జేసీవో. ఏ దారిన వచ్చినవాడు ముందుంటాడనే వాదన ఆ రాత్రి ముందు నిలబడదు.

ఇతర దేశాల్లో ఎలా ఉంది?

ఇజ్రాయెల్‌లో అధికారులను జవాన్లలోంచే ఏరుతారు. అక్కడ పద్దెనిమిదేళ్లు నిండగానే దాదాపు అందరూ సైన్యంలోకి వెళ్లాల్సిందే కాబట్టి అది సహజంగా కుదురుతుంది. స్విట్జర్లాండ్‌లోనూ అందరూ సాధారణ సైనిక శిక్షణతోనే మొదలుపెడతారు. జర్మనీలో అధికారి కాబోయేవాడు కూడా కింది హోదాతో ప్రారంభించి పైకి వెళ్తాడు. అమెరికాలో వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ ఉన్నా, జవాన్ల నుంచి వచ్చే దారి మనకంటే వెడల్పు. 1958లో నిర్బంధ సైనిక సేవ కింద సిపాయిగా చేరిన జాన్ షాలికాష్విలి 1993లో ఆ దేశ త్రివిధ దళాల ఉమ్మడి కమిటీకి అధ్యక్షుడయ్యాడు.

బ్రిటన్ చరిత్ర వింతగా ఉంటుంది. 1871 వరకు అక్కడ అధికారి పదవులను డబ్బు పెట్టి కొనుక్కునేవారు. ఆ తర్వాత ఆరేళ్లకు, 1877లో సిపాయిగా చేరిన విలియం రాబర్ట్‌సన్ 1920లో ఫీల్డ్ మార్షల్ అయ్యాడు. ఆ సైన్యంలో అట్టడుగు నుంచి ఆ హోదాకు ఎక్కినవాడు ఆయనొక్కడే. మరో వైపు ఫ్రాన్స్ రాజు 1781లో నాలుగు తరాల కులీన వంశం చూపిస్తేనే అధికారి పదవి అన్నాడు. పదేళ్లు తిరక్కముందే విప్లవం వచ్చి ఆ గోడను కూల్చింది. నెపోలియన్ మార్షళ్లలో మిషెల్ నే, మస్సేనా వంటివాళ్లు మామూలు సిపాయిలుగా చేరినవారే.

ఈ ఉదాహరణలను మన దేశానికి అలాగే అతికించలేం. మనది ఇష్టపడి చేరే సైన్యం. నిర్బంధ సేవ లేదు.

అధికారి, జవాను అనే ఇంత పెద్ద తేడా మనకు ఎక్కడినుంచి వచ్చింది?

తెల్లవాళ్ల నుంచి. భారతీయుడు తెల్ల సిపాయికి హుకుం ఇవ్వకూడదు కాబట్టి మనవాళ్లకు వైస్రాయ్ కమిషన్ అని వేరే తరగతి పెట్టారు. సుబేదారు, జమేదారు అందులోవి. వాళ్ల అధికారం భారతీయ సిపాయిల వరకే. రాజు కమిషన్ మనవాళ్లకు అందడం మొదటి ప్రపంచ యుద్ధం చివర్లోగానీ మొదలుకాలేదు. డెహ్రాడూన్‌లో ఐఎంఏ 1932లో తెరిచారు. నలభై మంది ఉన్న ఆ తొలి బ్యాచ్‌లోనే, తర్వాత ఫీల్డ్ మార్షల్ అయిన మానెక్‌షా ఉన్నారు.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ మధ్య అంచెను తీసేయకుండా జేసీవోగా ఉంచుకున్నాం. నాకు పింఛను తెచ్చిన హోదా కాబట్టి దాన్ని తిట్టను. జవానుకూ అధికారికీ మధ్య అది గట్టి వంతెన. అయితే ఆ వంతెన దగ్గరే మనవాడి ప్రయాణం ఆగిపోయేలా కూడా అది పనిచేసింది. ‘సుబేదారు అయ్యావు, ఇంకేం కావాలి’ అన్న మాట నేనూ విన్నాను.

జవాను అధికారి అయ్యే దారి ఏది?

ప్రధానమైనది ఆర్మీ క్యాడెట్ కాలేజీ, మా భాషలో ఏసీసీ. దీని మూలం 1929లో మధ్యప్రదేశ్‌లోని నౌగావ్‌లో పెట్టిన కిచెనర్ కాలేజీ. ఇప్పుడు డెహ్రాడూన్‌లో ఐఎంఏలో భాగంగా ఉంది. ఇంటర్ పాసై, కనీసం రెండేళ్ల సర్వీసు, 20 నుంచి 27 ఏళ్ల వయసు ఉన్న జవాను రాతపరీక్ష రాయవచ్చు. ఆపైన అందరిలాగే ఐదు రోజుల ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూ. గెలిస్తే ఏసీసీలో మూడేళ్లు చదివి జేఎన్‌యూ డిగ్రీ, తర్వాత ఐఎంఏలో ఒక ఏడాది. పాసింగ్ అవుట్ పరేడ్‌లో ఎన్‌డీఏ నుంచి వచ్చినవాడి పక్కనే నిలబడతాడు.

సర్వీసు ఎక్కువైనవాళ్లకు స్పెషల్ లిస్ట్ వంటి వేరే కమిషన్లు ఉన్నాయి. చివరి రోజుల్లో గణతంత్ర దినానికీ స్వాతంత్ర్య దినానికీ జేసీవోలకు ఇచ్చే గౌరవ లెఫ్టినెంట్, గౌరవ కెప్టెన్ హోదాలు వేరే సంగతి. ఊళ్లో ఫ్లెక్సీకి పనికొస్తాయి, పెళ్లి పత్రికలో వేసుకోవచ్చు. వాటికీ ఏసీసీకీ పోలిక లేదు.

ఏసీసీ నుంచి వచ్చినవాళ్లను చిన్నచూపు చూస్తారా?

చూసేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. నియమాల్లో మాత్రం తేడా లేదు. జాట్ రెజిమెంట్‌లో సిపాయిగా మొదలుపెట్టి, 1963లో గ్రెనేడియర్స్‌లో అధికారి అయిన మేజర్ హోషియార్ సింగ్‌కు 1971 యుద్ధంలో బసంతర్ నది దగ్గర పోరాటానికి పరమవీర చక్ర ఇచ్చారు.

అసలు ఇబ్బంది వయసు దగ్గర వస్తుంది. పంతొమ్మిదేళ్లకు జవానైనవాడు ఇరవై రెండుకు ఏసీసీలో చేరినా కమిషన్ వచ్చేసరికి ఇరవై ఆరు. కర్నల్‌కు 54, బ్రిగేడియర్‌కు 56 ఏళ్లకు విరమణ. నాలుగైదేళ్లు ఆలస్యంగా మొదలైనవాడికి పైమెట్ల దగ్గర కాలం సరిపోదు. జవాన్ల నుంచి జనరళ్లు ఎందుకు తక్కువ అని అడిగేవాళ్లు ముందు ఈ లెక్క చూడాలి.

అమ్మాయిల సంగతి?

‘ముందు జవాను’ నిబంధన అందరికంటే ఎక్కువ నష్టం చేసేది వాళ్లకే. ఆర్మీలో జవాన్ల స్థాయిలో అమ్మాయిలకు తెరిచి ఉన్నది మిలిటరీ పోలీసు విభాగం ఒక్కటే. అధికారులుగా మాత్రం చాలా విభాగాల్లో ఉన్నారు. సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత 2022లో ఎన్‌డీఏలో చేరిన తొలి బ్యాచ్ నుంచి పదిహేడు మంది అమ్మాయిలు 2025 మేలో శిక్షణ పూర్తి చేసుకుని బయటికి వచ్చారు. భువనగిరిలో సాంఘిక సంక్షేమ గురుకులం వాళ్ల సాయుధ దళాల సన్నాహక మహిళా డిగ్రీ కళాశాల నడిచేది అధికారుల కొలువులు లక్ష్యంగానే. నిబంధన పెట్టిన రోజున ఆ పిల్లల ముందున్న పెద్ద గేటు చిన్న కిటికీ అవుతుంది.

అగ్నివీరులకు ఈ చర్చతో పనేమిటి?

చాలా ఉంది. 2022 నుంచి జవాన్ల స్థాయిలో చేరిక అగ్నిపథ్ ద్వారానే. నాలుగేళ్లు, ఆపైన ఇరవై ఐదు శాతం వరకే కొనసాగింపు. అధికారి కావాలంటే ముందు జవాను కావాలని పట్టుబడితే, ఎన్‌డీఏకు వెళ్లగలిగిన కుర్రవాడు కూడా ఈ జల్లెడలోంచి రావాలి. ఎంతమంది తల్లిదండ్రులు ఒప్పుకుంటారు?

బయటికి వచ్చే అగ్నివీరుడికి నేను చెప్పేది ఒకటే. సర్వీసులో ఉండగానే డిగ్రీ పూర్తి చేసుకుంటే, వయసు ఉంటే, సీడీఎస్ రాయడానికి ఎవరూ అడ్డుపడరు. నాలుగేళ్లు తుపాకీ పట్టినవాడు ఎస్‌ఎస్‌బీ మైదానంలో తాళ్లకూ గోడలకూ బెదరడు.

పోలీసుల్లో కూడా ఇదే సమస్య ఉంది కదా?

ఉంది. కానిస్టేబుల్‌గా చేరినవాడు ఎస్పీ కుర్చీ చూడకుండానే దిగిపోతాడు. అది వేరే పెద్ద కథ.

మా అబ్బాయి తెలుగు మీడియం. ధైర్యం ఉంది, పరుగు ఉంది. వాడు జవాను మాత్రమే ఎందుకు అవుతున్నాడు?

ఈ పేజీ రాయడానికి కారణం ఈ ప్రశ్నే.

అగ్నివీర్ రాతపరీక్ష ఇప్పుడు తెలుగులోనూ రాయవచ్చు. ఎన్‌డీఏ ప్రశ్నపత్రం ఇంగ్లిషు, హిందీల్లోనే వస్తుంది. లెక్కలకు 300 మార్కులు, సామాన్య సామర్థ్య పరీక్షకు 600. ఆ ఆరు వందల్లో ఇంగ్లిషుకే 200. తర్వాత ఎస్‌ఎస్‌బీలో బొమ్మ చూపించి నాలుగు నిమిషాల్లో కథ రాయమంటారు, గుంపులో కూర్చోబెట్టి చర్చించమంటారు. అక్కడ ఆలోచన తెలుగులో పుట్టి, ఇంగ్లిషులోకి మారేలోగా పక్కవాడు మాట్లాడేసి ఉంటాడు.

అంటే ఎవరు అధికారి, ఎవరు జవాను అన్నది మన దగ్గర చాలావరకు పదహారేళ్ల వయసులో, ఏ బడిలో ఏ భాషలో చదివాడన్న దాని మీద తేలిపోతోంది. ఆ వయసులో ఎన్‌డీఏ పేరు విన్నవాడు దరఖాస్తు పెడతాడు. వినని వాడు రెండేళ్ల తర్వాత జవాన్ల నియామక ర్యాలీలో 1.6 కిలోమీటర్లు పరుగెత్తుతాడు. దేవరకొండలోనో మక్తల్‌లోనో జూనియర్ కాలేజీ నోటీసు బోర్డు చూడండి. ఈఏపీసెట్, నీట్ కోచింగ్ కాగితాలు ఉంటాయి, ఎన్‌డీఏ నోటిఫికేషన్ ఎప్పుడో గాని కనిపించదు. అధికారులందరినీ జవాన్లుగా పనిచేయించినా ఈ తేడా తగ్గదు. ఇంగ్లిషు మీడియం కుర్రవాడు రెండేళ్లు బ్యారక్‌లో గడిపి అధికారి అవుతాడు, మనవాడు ఆ బ్యారక్‌లోనే ఉండిపోతాడు.

చివరకు ఇంటర్ చదివే పిల్లవాడు ఏం చేయాలి? ర్యాలీకి వెళ్లాలా, ఎన్‌డీఏ రాయాలా?

రెండూ చేయాలి. ఎన్‌డీఏకు వయసు పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర, పరీక్ష ఏడాదికి రెండుసార్లు. అగ్నివీర్‌కు పదిహేడున్నర నుంచి ఇరవై ఒకటి. ఆర్మీ విభాగానికి ఏ గ్రూపు ఇంటరైనా సరే, కానీ లెక్కల పేపరు అందరూ రాయాలి. బైపీసీ పిల్లలు ఈ ఒక్క విషయం తెలియక ఫీజు కట్టి వెనక్కి వస్తుంటారు. వైమానిక, నౌకాదళాలకైతే ఎంపీసీ ఉండాలి.

ఎన్‌డీఏ రాకపోతే అగ్నివీర్‌లో చేరండి. చేరిన రోజే ఏసీసీ గురించి యూనిట్ ఎడ్యుకేషన్ హవల్దారును అడగండి. ఇంటర్ మధ్యలో వదిలేసి పదో తరగతితో చేరవద్దు. ఇంటర్ లేనివాడిని ఏసీసీ పరీక్ష హాలులోకి రానివ్వరు. ఇంగ్లిషు పేపరు రోజూ ఒక పేజీ గట్టిగా చదవండి, మైదానంలో పరుగు అయ్యాక నా దగ్గరికి తెచ్చినా వింటాను.